అమ్మ గుండెకు ఏడాదికో కార్డు

ప్రతి ఏడాదీ హోలీ వెళ్లిన పదిహేను రోజుల్లో దక్షిణాది నుంచి మా ఇంటికి ఒక కార్డు వచ్చేది. అమ్మకు గుండె ఆపరేషన్ చేసిన ఆసుపత్రి వాళ్లు పంపే కార్డు అది. ఒకవైపు వాళ్ల చిరునామా ముందే అచ్చువేసి ఉండేది. స్టాంపు కూడా వాళ్లదే. రెండోవైపు ఇంగ్లీషులో ఆరు ప్రశ్నలు, వాటి కింద ఇంకేమైనా చెప్పాలనుకుంటే రాయమని రెండు ఖాళీ గీతలు. మొదటి ప్రశ్న ఇది: రోగి బతికి ఉన్నారా?

మొదటి ఏడాది ఆ ప్రశ్నకు తెలుగు చెప్పడానికి నాన్నకు నోరు రాలేదు. కార్డు తిరగేసి, మరగేసి, దీపం వెలుగు చాలడం లేదన్నాడు. అప్పుడు మధ్యాహ్నం. అమ్మ వదల్లేదు. చివరికి చెప్పించుకుని, బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి నవ్వింది.

"బతికే ఉన్నానని రాయి. బియ్యంలో రాళ్లెక్కువున్నాయి, అది కూడా రాయి" అంది.

ఆపరేషన్ నేను ఐదో తరగతిలో ఉండగా జరిగింది. చిన్నప్పుడెప్పుడో కీళ్లజ్వరం వచ్చి అమ్మ గుండెలో ఒక వాల్వు పాడైంది. ఆ సంగతి నేను పుట్టిన తర్వాత, ఆయాసం ముదిరాక గాని తెలియలేదు. పాడైన వాల్వు తీసేసి, పంది గుండె నుంచి తీసి మందునీళ్లలో ఊరబెట్టి శుద్ధి చేసిన వాల్వును ఆ స్థానంలో కుట్టారు. లోహపు వాల్వు అయితే రక్తం గడ్డకట్టకుండా బతికినంతకాలం మాత్రలు మింగాలి, నెలనెలా రక్తం పరీక్ష చేయించాలి, ఇంకో బిడ్డను కనడం ప్రమాదం. అమ్మకు అప్పటికి ముప్ఫై నిండలేదు. అందుకని జంతువు వాల్వే మంచిదన్నారు. అయితే అది ఎల్లకాలం ఉండదనీ, ఎనిమిదేళ్లో పదేళ్లో ఇంకొంచెం ఎక్కువో తమకే కచ్చితంగా తెలియదనీ, పాడైనప్పుడు మళ్లీ మార్చాలనీ కూడా అప్పుడే చెప్పారు. కార్డులు పంపడం అందుకే.

పంది అంటే మా ఇంట్లో మంచినీళ్లు తాగడం మానేసేవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారని, అమ్మ కాలనీలో అందరికీ మేక అని చెప్పింది. దాంతో పక్కింటి పెద్దమ్మ ఎప్పుడు మేకమాంసం వండినా మా గుమ్మం దగ్గర ఆగి, "మీ సుట్టాన్ని వొండేనే, ఏటీ అనుకోకు" అనేది. అమ్మ నవ్వి గిన్నె అందుకునేది. అమ్మకు నిజాన్ని కొంచెం పక్కకు జరిపి కూర్చోబెట్టడం బాగా తెలుసు. అది ఎక్కడ నేర్చుకుందో చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దానివల్లే జరిగింది.

నాన్న టాటానగర్ యార్డులో కేబిన్‌మాన్. పట్టాలు మార్చే లివర్లు లాగే పని. ఆ పనిలో ఉన్నవాళ్లకు కొన్నేళ్లకోసారి రైల్వే డాక్టరు దగ్గర మెడికల్ ఉంటుంది. కళ్లు, చెవులు, బీపీ అన్నీ చూసి డాక్టరు ఫిట్ అని రాస్తే పని నిలుస్తుంది. రాయకపోతే ఏదో ఆఫీసులో స్టూలు మీద కూర్చోబెడతారు. మా కాలనీలో మెడికల్‌ను పెళ్లిచూపుల్లాగా చూసేవాళ్లు. ఉన్న లోపాన్ని దాచడమే పద్ధతి. దానికి అమ్మ పేరుమోసిన గురువు. మెడికల్‌కు వారం ముందు నుంచి నాన్నకు ఉప్పు లేని మజ్జిగన్నం పెట్టేది. చివరి రెండు రోజులు మంచం దిగనిచ్చేది కాదు, నవ్వించేది కూడా కాదు, బీపీ పెరుగుతుందని. పక్కింటి పెదనాన్నకు చూపు తగ్గితే, డాక్టరు గదిలోని కళ్ల బోర్డు మీద ఉండే అక్షరాలన్నీ నాచేత కాగితం మీద రాయించి, ఆయనచేత పై నుంచి కిందికి ఎక్కాల్లా అప్పజెప్పించింది. నేను బెత్తం పట్టుకున్న పంతులమ్మలా నిలబడి సరిచేసేదాన్ని. ఆయన పాసయ్యాడు. మాకు జిలేబీలు వచ్చాయి. రైళ్లు నడిచే చోట అలాంటి పని చేశామని ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అప్పుడు మాత్రం జిలేబీలే కనిపించాయి.

ఆపరేషన్ తర్వాతి ఏళ్లు మంచి ఏళ్లు. అమ్మ రంగు మారింది, గొంతు పెరిగింది. మూడో ఏడాది చెల్లి పుట్టింది. పర్సుడీహ్ సంతలో బుధవారం కూరగాయలు కొని, సంచీని ఒక చేత్తో, చెల్లిని ఒక చేత్తో పట్టుకుని, స్టేషన్ దగ్గరి కాలివంతెన మెట్లు ఆగకుండా ఎక్కేది. వెనకబడేది నేనే. కార్డు వచ్చినప్పుడు నాన్న ఆరు ప్రశ్నల మీదుగా పెద్ద అక్షరాలతో అడ్డంగా ఫిట్ అని ఇంగ్లీషులో రాసి పోస్టులో వేసేవాడు. అది అబద్ధం కాదు. ఎనిమిదేళ్లు అమ్మ నిజంగా ఫిట్‌గానే ఉంది.

నేను మెట్రిక్ పాసయ్యాక కార్డు రాసే పని నాకు వచ్చింది. నాకు రాయడం ఇష్టం. మాట్లాడటమే రాదు. ఎవరైనా తెలుగులో ఏదైనా అడిగితే హిందీలో "ఠీక్ హై" అనేసి లోపలికి వెళ్లిపోయేదాన్ని. "మా గుంట మాటలు బిష్టుపూర్ బ్యాంకులో ఏసుకుంటాది, ఖర్సు సెయ్యదు" అని అమ్మ వచ్చినవాళ్లకు చెప్పేది. తెలుగువాళ్ల సంఘం బీరువాలోని పుస్తకాలు ఒకటొకటే తెచ్చుకుని చదివి, నాన్న తెచ్చిన పాత రైల్వే ఫారాలను సూదీదారంతో కుట్టి, వాటి వెనక ఖాళీవైపు డైరీ రాసుకునేదాన్ని. డైరీలో పెద్ద విషయాలేమీ ఉండవు. ఏం వండారు, ఎవరు వచ్చారు, ఏ పుస్తకం అయిపోయింది. అందువల్లే చిన్న విషయాలు తప్పించుకోలేదు.

తొమ్మిదో ఏడాది చలికాలంలో ఒక బుధవారం పేజీలో ఇలా ఉంది: "అమ్మ వంతెన మధ్యలో ఆగింది. చెప్పులో రాయి అంది." తర్వాతి బుధవారం: "మళ్లీ రాయి." ఆ తర్వాతి వారం ఆగి, కింద నిలబడ్డ గూడ్సు బండిని చూస్తూ ఉండిపోయింది. ఇరవై ఏళ్లుగా రైల్వే కాలనీలో ఉంటున్న మనిషి డబ్బాల బండిని అంత శ్రద్ధగా చూడటం నాకు వింతగా తోచింది. ఆ పై వారం వంతెన మీద అంటించిన హిందీ పోస్టరు దగ్గర ఆగింది. అమ్మకు హిందీ మాట్లాడటం వచ్చుగాని చదవడం రాదు. సంక్రాంతి వెళ్లాక అసలు సంతకే రావడం మానేసి, సంచీ నా చేతికిచ్చింది. "నీకు బేరమాడ్డం రావాల గదా, సిగ్గెన్నాళ్లు" అంది. సాయంత్రాలు ఆమె పాదాల మీద పట్టీల గుర్తులు లోతుగా పడేవి. దిండు మీద ఇంకో దిండు చేరింది, తర్వాత మూడోది. డైరీలో అన్నీ ఉన్నాయి, వేర్వేరు పేజీల్లో, కూరల మధ్య, పుస్తకాల మధ్య. హోలీ రోజుల్లో జ్వరమొచ్చి పడుకుని నా డైరీ నేనే వెనక నుంచి చదువుకుంటుంటే అవన్నీ ఒక్కసారి ఒకచోటికి వచ్చాయి. అమ్మ మెడికల్‌కు తయారవుతోందని అర్థమైంది. తనను తను పాస్ చేయించుకుంటోంది.

అప్పుడే కార్డు వచ్చింది.

నేను పెన్ను తెరిచి కూర్చున్నాను. నాన్న డ్యూటీ దిగి వచ్చి చెప్పులు విప్పుతున్నాడు. అమ్మ నా పక్కన కూర్చుని, ఎప్పటిలాగే ఫిట్ అని రాయమంది. నేను రాయలేదు. వంతెన సంగతి ఎత్తాను. నా గొంతు నాకే వినపడలేదు కాని అమ్మకు వినపడింది.

"రాయి సెప్పులోదే" అంది.

నాలుగు వారాలా, అన్నాను.

 అమ్మ నెమ్మదిగా, నాన్నకు కూడా వినపడేలా చెప్పింది. "ఒకపాలి అన్‌ఫిట్ అని కాయితం మీద పడితే మళ్లీ ఫిట్ అని ఎవుడూ రాయడు. మన కాలనీలో ఎంతమందిని సూసినాం. నన్ను మళ్లీ కోత్తారు. మొదటిసారి నాకు తెలీక ఎలిపోనాను. ఇప్పుడు తెలుసు. నానెల్లను."

నాన్న చెప్పులు విప్పడం ఆపేశాడు. నాతో ఏదో అంటాడనుకున్నాను. ఆయన అమ్మ పాదాలవైపు చూసి, తల తిప్పుకుని, "అమ్మ సెప్పినట్టు రాసీ" అన్నాడు. ఆయనకు కూడా తెలుసని నాకు అప్పుడు తెలిసింది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పకుండా ఒకే విషయాన్ని దాస్తున్నారు.

రాశాను. అమ్మకు ఇంగ్లీషు రాదు కాని ఎనిమిదేళ్లు కార్డుల మీద చూసిన ఆ మాట ఆకారం తెలుసు. కార్డు తీసుకుని చూసి, సరిగ్గానే ఉందని తిరిగి ఇచ్చింది.

పోస్టుడబ్బా పర్సుడీహ్ బజారు మొదట్లో ఉంటుంది. దాని ముందు నిలబడి కార్డు లోపల వేయబోయి ఆగాను. పక్కన ఉల్లిపాయల బండివాడు, ఏం కావాలి దీదీ అని రెండుసార్లు అడిగాడు. ఏమీ వద్దని తల ఊపి, అతని బండి అంచు మీదే కార్డు పెట్టి, కింద ఖాళీగా ఉన్న రెండు గీతల మీద చిన్న అక్షరాలతో రాశాను. వంతెన మీద నాలుగుసార్లు ఆగిందని, మూడు దిండ్లని, పాదాల వాపు అని. చివర కొంచెం చోటు మిగిలితే, నేను ఇది రాస్తున్నట్టు ఆమెకు తెలియదు అని కూడా రాశాను. ఫిట్ అన్న మాట కొట్టేయలేదు. అది అమ్మ మాట. కొట్టేసే హక్కు నాకు ఉందనిపించలేదు. కార్డు డబ్బాలో పడ్డాక అతని దగ్గర కిలో ఉల్లిపాయలు బేరమాడకుండా కొన్నాను.

మూడు వారాలకు జవాబొచ్చింది. ఈసారి కార్డు కాదు, కవరు. వీలైనంత త్వరగా రోగిని తీసుకుని రావలసిందని నాన్న పేరున రాశారు. నాన్న చదివి చెప్తుండగా అమ్మ నావైపే చూసింది.

"ఏటి రాసినావే?"

చెప్పాను. ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పాను.

"నన్ను పట్టించేసినావు" అంది అమ్మ. అంతే. తిట్టలేదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది. నాకు చెప్పాల్సినవి చెల్లికి చెప్పేది. చెల్లికి అప్పటికి ఆరేళ్లు, పక్కనే ఉన్న నాకు మోసుకొచ్చి, "అక్కా, నువ్వు తినాలట" అనేది. ఇంట్లో మాట్లాడని మనిషిని నేను ఒక్కదాన్నే అనుకునేదాన్ని. అమ్మ మౌనం ముందు నాది ఏపాటి.

నాన్న మర్నాడే సెలవు చీటీ రాశాడు. కారణం అన్న చోట చాలాసేపు పెన్ను పట్టుకుని, భార్య అన్‌ఫిట్ అని రాశాడు. రాసి నాకు చూపించాడు. స్పెల్లింగు చూడమని చూపించాడేమో, నాకు తెలియదు. నేను బాగుందని తల ఊపాను.

చెల్లిని పక్కింటి పెద్దమ్మ దగ్గర వదిలి, పాసు మీద ముగ్గురం బయలుదేరాం. ఖరగ్‌పూర్‌లో బండి మారి మద్రాసు, అక్కడి నుంచి ఇంకో బండి. అమ్మ టిఫిన్ గిన్నెలో ఏముందో భోజనం వేళ చూశాను. ఉప్పు లేని మజ్జిగన్నం. నాకూ నాన్నకూ పులిహోర. ఆమె ఆ తెల్లన్నం ముద్దలు మింగుతూ కిటికీలోంచి చూస్తోంది. గుండె డాక్టరును కూడా రైల్వే డాక్టరులాగే దాటేద్దామనుకుంటోంది. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. బెర్తు మీద పడుకోమంటే పడుకోలేదు, గాలి బాగుందంటూ కూర్చునే ఉంది. బరంపురం దాటాక, నాతో మాట్లాడకూడదన్న పంతం పక్కన పెట్టి, పాఠం మొదలుపెట్టింది.

"ఎన్ని దిండ్లని అడిగితే ఒకటి అను. మెట్లడిగితే రెండంతస్తులని అను. నువ్వు ఏటీ అనకుంటే మరీ మంచిది. అది నీకొచ్చిన విద్దే గదా."

ఆసుపత్రిలో రెండు రోజులు పరీక్షలయ్యాయి. మూడో రోజు పెద్ద డాక్టరు గదిలోకి పిలిచారు. నెరిసిన జుట్టు, సన్నటి మనిషి. పుస్తకంలోలా ఒక్కో మాటా విడదీసి తెలుగు మాట్లాడాడు. అమ్మ ఛాతీ మీద, వీపు మీద స్టెతస్కోపు పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత బల్ల మీద ఉన్న ఫైలు తెరిచాడు. అందులో తొమ్మిది కార్డులూ ఒకదాని మీద ఒకటి దారంతో కట్టి ఉన్నాయి. మా ఇంటి నుంచి వెళ్లినవన్నీ. కిందివాటిలో నాన్న రాసిన అక్షరాలు, పైవాటిలో నావి.

"అమ్మా, ఈ కార్డులో ఇద్దరు మాట్లాడుతున్నారు. ఎవరిని నమ్మమంటారు?" అన్నాడు.

అమ్మ వెంటనే, బాగానే ఉన్నానని, రెండంతస్తులు ఎక్కుతానని, ఒకటే దిండని చెప్పేసింది. పాఠం అప్పజెప్పినట్టే చెప్పింది. నాన్న తన చేతుల్లోకి చూసుకుంటున్నాడు. డాక్టరు నావైపు తిరిగాడు.

కొత్తవాళ్ల ముందు నేను అంతవరకు ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడి ఎరగను. ఆ రోజు మాట్లాడాను. దిండ్ల గురించి కాదు. అది మళ్లీ అమ్మను పట్టించినట్టవుతుందనిపించింది. మా కాలనీలో మెడికల్ గురించి చెప్పాను. డాక్టరంటే పని ఊడగొట్టే మనిషని మేమంతా అనుకుంటామని, ఆయన ముందు లోపం ఒప్పుకున్నవాణ్ణి వెర్రివాడంటారని, మా అమ్మ నలుగురైదుగురిని పాస్ చేయించిందని, ఇప్పుడు తను కూడా పాసవ్వాలని బయలుదేరినప్పటి నుంచి ఉప్పు మానేసిందని. మధ్యలో హిందీ వచ్చేసింది, ఇంగ్లీషు వచ్చేసింది. ఏ భాషలో ఎక్కడ ఆపానో తెలియదు. ఆపాక చెవులు కాలిపోయాయి.

డాక్టరు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ అమ్మ దగ్గరికి జరుపుకున్నాడు.

"అమ్మా, ఇక్కడ పరీక్ష మీకు కాదు. తొమ్మిదేళ్ల కిందట మేం పెట్టిన వాల్వుకు. అది తప్పితే తప్పినట్టు మేము రాసుకుంటాం. మీరు ఎప్పుడూ ఫెయిలవలేదు" అన్నాడు.

అమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. చీర కొంగు భుజం మీదికి లాక్కుంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. నా డైరీలో ఉన్నవి మాత్రమే కాదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక దసరా నుంచి మంచం మీద పడుకోవడమే లేదని, మేమంతా నిద్రపోయాక గోడకు ఆనుకుని కూర్చుంటోందని, తెల్లారకముందే మళ్లీ దిండ్లు సర్దేస్తోందని. బావి దగ్గర బిందె ఎత్తలేక, నీళ్లు సగమే తోడి, ఎవరూ చూడకుండా రెండుసార్లు వెళ్తోందని. చెల్లి జడ వేస్తుంటే చేతులు పైకెత్తి ఉంచలేక మధ్యలో కసురుతోందని. పాపం ఆ పిల్ల ఏం తప్పు చేసిందని తర్వాత తనే ఏడుస్తోందని. నేను ఒకే గదిలో ఉండి, రోజూ రాసుకుంటూ, వీటిలో ఒక్కటీ చూడలేదు. నాన్న లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

డాక్టరు అన్నీ రాసుకున్నాడు. తర్వాత కాగితం మీద బొమ్మ గీసి మాకు చెప్పాడు. జంతువు వాల్వు రేకులు మెత్తగా ఉంటాయి. ఏళ్ల మీద వాటిలో సున్నం పేరుకుని బిరుసెక్కుతాయి, ఒక్కోసారి చిరుగుతాయి. వయసులో ఉన్నవాళ్లకు త్వరగా, పెద్దవాళ్లకు నిదానంగా. అమ్మ వాల్వులో ఒక రేకు అంచు చిరిగింది. గుండె కండరం మాత్రం ఇంకా బలంగానే ఉంది. ఇప్పుడు మార్చితే కోలుకుంటుంది. ఇంకో ఏడాది ఇలాగే ఫిట్ అని రాస్తూ పోయి ఉంటే ఆ మాట అనగలిగేవాణ్ణి కాదన్నాడు. రెండోసారి కోయడం మొదటిసారి కంటే కష్టమన్న సంగతి కూడా దాచలేదు. అమ్మ దాన్ని విని తల ఊపింది. తనకు నిజం చెప్పినందుకు ఆమె ఆయన్ని అప్పుడే నమ్మిందని నాకు అనిపించింది.

"మరి పాత కార్డులు? అవన్నీ దండగేనా?" అని అడిగింది అమ్మ.

"కాదమ్మా. మొదట్లో ఈ వాల్వు ఎన్నేళ్లు ఉంటుందని మీరు అడిగితే మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే కొంచెం చెప్పగలం. మీవంటి కార్డులు చూసే చెప్తున్నాం."

ఈసారి లోహపు వాల్వు పెడతామన్నారు. అది అరిగేది కాదు, కాని మాత్ర ఒక్క రోజు కూడా మానకూడదు, రక్తపరీక్ష తప్పకూడదు. ఆ పరీక్ష ఇప్పుడు మా ఊళ్లో చేస్తారని నాన్న ముందే కనుక్కుని ఉన్నాడు. ఎప్పుడు కనుక్కున్నాడో మాకు చెప్పలేదు.

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం అమ్మ జడ నేను వేశాను. నాతో మళ్లీ మామూలుగా మాట్లాడుతోంది. క్షమించానని ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. చాలాసేపటికి, "ఆ ఉల్లిపాయలు కిలో ఎంతకి కొన్నావే?" అంది. చెప్పాను. "మోసపోనావు" అంది. ఆ మాటకు నాకు ఎంత ప్రాణం లేచొచ్చిందో రాయలేను.

పొద్దున్న తీసుకెళ్లిన మనిషిని సాయంత్రం దాకా బయటికి తేలేదు. నాన్న వరండాలో ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచాడు. నేను పుస్తకం తెరిచి ఒకే పేజీ పట్టుకు కూర్చున్నాను. ఆ పేజీలో ఏముందో ఇప్పటికీ తెలియదు. దీపాలు వెలిగించే వేళకు డాక్టరు స్వయంగా వచ్చాడు. టోపీ తీసి, గుండె బాగా కొట్టుకుంటోందని చెప్పాడు. పాత వాల్వు ఎండిన చింతతొక్కలా గట్టిపడి ఉందన్నాడు. నాన్న ఆయన చేతులు పట్టుకున్నాడు. మాట రాలేదు. ఆ ఒక్క విషయంలో నేను నాన్న పోలికే.

నాలుగో రోజు అమ్మ కూర్చుని గంజి తాగుతుంటే పాత వాల్వు సంగతి చెప్పాం. కాసేపు ఆలోచించింది. "పాపం, ఏ పందిదో" అంది. మేక అనలేదు. "అది సచ్చి నన్ను తొమ్మిదేళ్లు మోసినాది. ఇన్నాళ్లూ దాని జాతి కూడా ఒప్పుకోకపోతిని." ఇంటికొచ్చిన వారంలోనే పక్కింటి పెద్దమ్మకు ఆ మాట చెప్పేసింది. పెద్దమ్మ చేతిలో గ్లాసు ఒక్క క్షణం ఆగింది. తర్వాత నీళ్లు తాగేసి, "ఐతే ఇన్నాళ్లూ మేకకూర ఉత్తినే పెట్టీనానన్నమాట" అంది.

అదంతా జరిగి ఏడాది దాటింది. అమ్మ నెలకోసారి ఆటోలో బిష్టుపూర్ వెళ్లి రక్తపరీక్ష చేయించుకుని వస్తుంది. మొదట్లో నేను వెంట వెళ్లేదాన్ని, ఇప్పుడు వద్దంటుంది. అక్కడ వరసలో కూర్చునే ఆడవాళ్లతో ఆమెకు స్నేహం కుదిరింది. తన కోతలు, మాత్రలు, చిగుళ్లలోంచి రక్తం రావడం అన్నీ చెప్తుంది, వాళ్లవీ అడుగుతుంది.

పోయిన ఆదివారం ఆ వరసలో పరిచయమైన ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. గోల్‌మురి నుంచి, భర్త సైకిలు మీద. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. ఆమెకూ అదే జబ్బు. ఇంకా పిల్లలు లేరు, కావాలి. అందుకని జంతువు వాల్వు పెట్టించుకోమన్నారట. భర్త గుమ్మం బయటే నాన్నతో నిలబడ్డాడు. ఆమె నేల మీద అమ్మకు ఎదురుగా కూర్చుని, గాజులు తిప్పుకుంటూ, చివరికి అడగడానికి వచ్చింది అడిగింది.

"ఎన్నేళ్లొత్తాది పిన్నీ?"

నేను స్టవ్ దగ్గర ఆగిపోయాను. అమ్మ పాతరోజుల్లోలా అయితే, పిల్లను భయపెట్టడమెందుకని, ఎన్నేళ్లయినా వస్తుందనేది.

"నాకు తొమ్మిదేళ్లొచ్చింది" అంది అమ్మ. "నీకు అంతకంటే ఎక్కువ రావొచ్చు, తక్కువా రావొచ్చు. తరవాత మళ్లీ కొయ్యాల. అది నీకు ముందే తెలవాల." ఆ అమ్మాయి ముఖం వాడింది. అమ్మ ముందుకు జరిగి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "ఆ తొమ్మిదేళ్లలో ఏటేటి సేసేనో అడుగు. ఓ పిల్లని కన్నాను. దాన్ని ఎత్తుకు తిరిగేను. ఆయన సెల్లికి పెళ్లయితే వొందమందికి వొండేను. రేడియోలో పాటలొత్తే మీ బాబాయి కంటే గట్టిగా పాడేను. అయ్యన్నీ ఆ వాల్వుతోనే."

ఆ అమ్మాయి నవ్వబోయి, నవ్వలేక, కళ్లు తుడుచుకుంది. "నాకు బయమేత్తంది పిన్నీ" అంది చాలా మెల్లగా. బయట ఉన్న భర్తకు వినపడకూడదని కాబోలు.

"ఏత్తాది" అంది అమ్మ. "నాకూ ఏసింది. రెండుపాల్లూ ఏసింది. ఎల్లగానే డాట్రుకి ముందు అదే సెప్పు. మిగతాయి తరవాత."

ఆ తర్వాత నన్ను పిలిచి, కాగితం, పెన్ను తెమ్మంది. ఆసుపత్రి చిరునామా రాసి ఇమ్మని. నేను రాస్తుంటే ఆ అమ్మాయి దగ్గరికొచ్చి నిలబడి, స్టేషన్ నుంచి ఎటు వెళ్లాలి, ఎన్ని రోజులుండాలి, దుప్పటి తెచ్చుకోవాలా అని అడగసాగింది. ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాను. చాలాసేపు చెప్పాను. టీ మరిగి పొంగిపోయింది.